అటక మీద దుబాసీ



"ఒరేయ్, మళ్ళీ తిరుగుతోందిరా" అని మా అమ్మ హాల్లోంచి కేకేసిందంటే, తిరిగేది ఫ్యాను కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. టీవీ తెర నట్టనడుమ గుండ్రంగా తిరిగే చక్రం అది. బొమ్మ ఆగిపోతుంది. పెళ్ళికూతురు తలవంచుకుని అలాగే ఉండిపోతుంది, పురోహితుడి నోరు సగంలో నిలిచిపోతుంది. చక్రం ఒక్కటే తిరుగుతూ ఉంటుంది.

తెనాలిలో మా ఇంటి అటక మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. తెర పగిలిపోయింది, కీబోర్డులో సగం మీటలు పలకవు. పారేయడానికి మనసొప్పక దాంట్లో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, పక్కన పెద్ద హార్డ్‌డిస్కు తగిలించాను. మా ఇంటి పెళ్ళిళ్ళు, బారసాలలు, మేం కొనుక్కున్న పాత సినిమా డీవీడీలు అన్నీ అందులోకి ఎక్కించాను. హాల్లో టీవీ, నా ఫోను, డాలస్‌లో మా అక్క వాళ్ళ టీవీ, ఎవరికి కావలసింది వాళ్ళు దాన్ని అడిగి తెప్పించుకుని చూస్తారు. దీన్నే మీడియా సర్వర్ అంటారు. ప్లెక్స్, ఎంబీ అని ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎంబీ తన సోర్సు కోడ్‌ను మూసేసుకున్నప్పుడు, 2018 డిసెంబరులో, దాన్నుంచి వేరుపడి పుట్టిందే జెల్లీఫిన్. అన్నదమ్ములు వేరు కాపురం పెట్టినా వంట ఒక్క తీరుగానే ఉంటుంది కదా. ఇవాళ నేను చెప్పే గొడవలు కూడా వీటన్నిటిలో ఇంచుమించు ఒక్క తీరువే.

మీరు వింటున్న రేడియోకి ఈ చక్రం బెడద లేదు. స్టేషన్ వాళ్ళు ఒక్క తరంగాన్ని గాలిలోకి వదులుతారు. సెట్టు పాతదైనా కొత్తదైనా అందరికీ అదే. మీ సెట్టు ఎలాంటిదో స్టేషన్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఫోనులో యాప్ ద్వారా వింటున్న వాళ్ళకు మాత్రం నా బాధ కొంత తెలిసే ఉంటుంది. మీడియా సర్వర్ తత్వం వేరు. అడిగిన ప్రతివాణ్ణీ "నీకు ఏ భాష వచ్చు?" అని ముందు ఆరా తీస్తుంది. తంటా అక్కడే మొదలు.

భాష అన్నాను కదా, అదేమిటో చెబుతాను. ఫైలు పేరు చివర ఎంపీ4 అనో ఎంకేవీ అనో ఉంటుంది. అది డబ్బా పేరు మాత్రమే. ఆవకాయ జాడీలో పెట్టినా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినా ఆవకాయే. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారు, శబ్దాన్ని ఏ పద్ధతిలో కుదించారు అన్నది అసలు సరుకు. ఈ పద్ధతులనే కోడెక్‌లు అంటారు. బొమ్మకు సంబంధించి హెచ్.264 అనేది 2003 నుంచీ ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న టీవీలకూ ఫోన్లకూ దాదాపు అన్నిటికీ వచ్చు. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా తక్కువ చోటులో దాస్తాయి గానీ పాత టీవీలకు అవి అర్థం కావు.

టీవీకి డబ్బా, సరుకు రెండూ తెలిసినవైతే సర్వర్ ఫైలును ఉన్నదున్నట్టు పంపేస్తుంది. దానికది పనే కాదు. సరుకు తెలిసి డబ్బా తెలియకపోతే డబ్బా మార్చి పంపుతుంది. అదీ తేలికే. సరుకే తెలియకపోతే, అప్పుడు మా అటక మీద దుబాసీ నిద్ర లేస్తాడు. ఒక్కో ఫ్రేమునూ విప్పాలి, టీవీకి వచ్చిన భాషలోకి మార్చాలి, మళ్ళీ కుదించాలి. సెకనుకు పాతిక ఫ్రేములు, అదీ అప్పటికప్పుడు. దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఇక్కడ ఆ పని చేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్. ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రీస్ బెల్లార్ 2000లో దాన్ని మొదలుపెట్టారు. నాకు మాత్రం కుంఫిణీ దొరల పక్కన నిలబడి రెండు భాషల మధ్య నలిగిపోయే దుబాసీయే గుర్తొస్తాడు. మాటల వేగాన్ని దుబాసీ అందుకోలేకపోతే సభ ఆగుతుంది. ఆ ఆగడమే మా అమ్మ చూసే చక్రం.

ఇదంతా మొదట్లో నాకు తెలియదు. చక్రం తిరగ్గానే ఇంటర్నెట్ నిదానంగా ఉందనుకుని పెద్ద ప్లాన్ తీసుకున్నాను. అటక మీంచి హాల్లోకి దిగే బొమ్మకు ఇంటర్నెట్‌తో పనేముంది? అది మా రౌటర్ దాటి వీధిలోకే పోదు. ఆ మాత్రం ఆలోచన లేక ఆరు నెలలు డబ్బు కట్టాను. చక్రం తిరుగుతూనే ఉంది.

అందుకని నా సలహా ఏమిటంటే, ఏదీ కొనకముందు, ఏ సెట్టింగునూ ముట్టుకోకముందు, రెండు పరీక్షలు చేయండి. ఆగిపోయిన ఫైలునే ఫోనులో పెట్టి, రౌటర్ పక్కన నిలబడి చూడండి. తరవాత అదే టీవీలో వేరే ఫైలు పెట్టి చూడండి. ఫోనులో ఆడింది టీవీలో ఆగితే తప్పు టీవీదో, టీవీకి వెళ్ళే దారిదో. టీవీలో ఇంకో ఫైలు ఆడితే దారి మంచిదేనని కొంతవరకు నమ్మవచ్చు. రెంటిలోనూ అదే ఫైలు ఆగితే ఫైలునో సర్వర్‌నో పట్టుకోవాలి. పది నిమిషాల పని. మా ఊళ్ళో పాత రేడియో మెకానిక్కులు వాల్వులు ఒకదాన్ని తీసి ఇంకోటి పెట్టి చూసేవాళ్ళు, అదే కిటుకు.

ఆ తరవాత సర్వర్‌నే అడగండి. జెల్లీఫిన్‌లో డాష్‌బోర్డ్ అని ఒక పేజీ ఉంటుంది. ఎవరు ఏం చూస్తున్నారో, ఫైలు ఉన్నదున్నట్టు వెళుతోందో మార్చి పంపుతోందో అక్కడ కనిపిస్తుంది. మారుస్తుంటే ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా అదే చెబుతుంది: వీడియో కోడెక్ రాదనో, ఆడియో రాదనో, సబ్‌టైటిల్ రాదనో, అడిగిన వేగానికి మించిందనో. చాలామంది ఈ కారణం చదవకుండానే కొత్త కంప్యూటర్ బేరానికి వెళతారు. దుబాసీ చాలడం లేదని ఇంకో బలమైన దుబాసీని తెచ్చుకోవడం అన్నమాట. అసలు వాణ్ణి ఎవరు లేపారో కనుక్కుంటే చాలాసార్లు వాడితో పనే పడదు.

మా ఇంటి పెళ్ళిళ్ళే తీసుకోండి. అక్క పెళ్ళి 2003లో. అప్పుడు వీడియోగ్రాఫర్ మాకు వీసీడీలు ఇచ్చాడు. లోపల ఎంపెగ్-1 పద్ధతి, బొమ్మ వెడల్పు 352 చుక్కలు, ఎత్తు 288. ఫైళ్ళ పేర్ల చివర డీఏటీ అని ఉండేది. వాటిని సర్వర్‌లో వేస్తే అక్క పెళ్ళి జరిగినట్టే దానికి తెలియలేదు. ఆ తోక ఉన్న ఫైలు వీడియో అని అది లెక్కలోకే తీసుకోలేదు. తోక మార్చి ఎంపీజీ అని రాస్తే కనిపించింది, కానీ దుబాసీ లేచాడు. ఇంత చిన్న బొమ్మను మార్చడం పాత ల్యాప్‌టాప్‌కైనా లెక్కే కాదు, అంచేత ఆడింది.

నా పెళ్ళి 2009లో, డీవీడీ మీద. డీవీడీ లోపల ఒక్క ఫైలు ఉండదు. గిగాబైటుకో ముక్క చొప్పున వీవోబీ ఫైళ్ళుగా తరిగి ఉంటుంది. ఆ ముక్కలను విడివిడిగా కాపీ చేశాను కాబట్టి సర్వర్ నాకు నాలుగు పెళ్ళిళ్ళు చూపించింది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. డిస్కులో ఉన్న ఫోల్డరును ఫోల్డరుగానే ఉంచాలి, లేదా మేక్‌ఎంకేవీ లాంటి దానితో మొత్తాన్ని ఒకే ఫైలుగా తీయాలి. డీవీడీతో ఇంకో చిక్కు, చెయ్యి కదిలినప్పుడల్లా అంచుల వెంట దువ్వెన పళ్ళలా గీతలు. పాత పద్ధతిలో ఒక ఫ్రేమును బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి తీసేవారు. పాత డబ్బా టీవీ ఆ రెంటినీ కంటికి తెలియకుండా కలిపేసేది, కొత్త టీవీకి వాటిని ముందే కలిపి ఇవ్వాలి. డీఇంటర్లేసింగ్ అన్న గుర్తు పెట్టి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్క రాత్రి మార్పించి పెట్టుకుంటే సరి.

ఇక మా పిన్ని కొడుకు పెళ్ళి 2023లో. పెన్‌డ్రైవ్‌లో 4కే. అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. కెమెరా నుంచి దించింది దించినట్టు ఇచ్చాడు ఫోటోగ్రాఫర్. సెకనుకు 100 మెగాబిట్లు, అంటే గంటకు 45 గిగాబైట్లు. వైఫై కంటే తీగే మేలనుకుని మా టీవీకి అంతకుముందే తీగ లాగించాను. తీగ ఉన్నా ఆగింది. కారణం వెతికితే, ఆ టీవీ వెనకున్న నెట్‌వర్క్ రంధ్రం 100 మెగాబిట్లదే. చాలా టీవీలు ఇప్పటికీ అంతే. నూరు లీటర్లు పట్టే గొట్టంలో నూరు లీటర్లూ పోస్తే అంచులు దాటకుండా ఎలా ఉంటుంది? అదే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద పెడితే ఇంకాస్త నయంగా ఉంది. తీగంటే ఎప్పుడూ మెరుగే అనుకునే నాకు అది చెంపదెబ్బ.

అంతటితోనూ అయిపోలేదు. బొమ్మ హెచ్.264 అనే చూపిస్తోంది, టీవీకి హెచ్.264 వచ్చు, అయినా దుబాసీ లేచి కూర్చున్నాడు. తీరా చూస్తే అది 10 బిట్ల హెచ్.264, పైగా రంగుల సమాచారాన్ని మామూలుకంటే రెట్టింపు దాచే 4:2:2 రకం. ఎడిటింగ్ చేసేవారికి అది వరం. టీవీ చిప్పులకు ఆ యాస రాదు. మాండలికం తేడా అనుకోండి, పేరుకు తెలుగే. మా ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ ప్రాసెసర్‌లో వీడియో పనికోసం క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉంది, 2011 నుంచి ఇంటెల్ చాలా ప్రాసెసర్లలో పెడుతున్నదే. జెల్లీఫిన్ మనం చెప్పేదాకా దాన్ని వాడుకోదు, సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేయాలి. చేశాను. మామూలు ఫైళ్ళకు ప్రాసెసర్ బరువు అమాంతం దిగింది. ఈ 4:2:2 యాస మాత్రం దానికీ రాలేదు. చివరికి హ్యాండ్‌బ్రేక్‌తోనే మామూలు 8 బిట్ల ఫైలుగా మార్చి, అసలు దాన్ని ఇంకో డిస్కులో దాచాను. అసలు ఫైలు మాత్రం ఎప్పుడూ చెరపకండి.

ల్యాప్‌టాప్ అటక మీద పెట్టడం కూడా నా తెలివే. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆగే ఫైలు రాత్రి పదింటికి చక్కగా ఆడేది. వారం రోజులు వైఫైని అనుమానించాను. రోహిణి కార్తెలో అటక మీద చెయ్యి పెడితే విషయం అర్థమైంది. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది, లేకపోతే కాలిపోతుంది. ల్యాప్‌టాప్‌ని దింపి కిటికీ పక్క గూట్లో పెట్టాను. పేరు మాత్రం అటక మీద దుబాసీ అనే నిలిచిపోయింది.

శబ్దం సంగతి. బొమ్మ ఆడుతుంది, మాట రాదు. ఇలాంటప్పుడు ఆడియో కోడెక్ చూడండి. డీటీఎస్ అని ఉంటే, దాన్ని చదవని టీవీలు బోలెడు. శబ్దాన్ని మాత్రం మార్చడం తేలిక పని, చిన్న కంప్యూటరూ చేస్తుంది. టీవీ యాప్‌లో శబ్దాన్ని నేరుగా పంపే పాస్‌త్రూ ఆన్ అయి ఉంటే తీసేయండి, చాలాసార్లు అంతటితో మాట వస్తుంది. సంభాషణలు గుసగుసల్లా ఉండి ఫైటు రాగానే ఇల్లదిరితే, అది ఆరు దారుల శబ్దాన్ని మీ టీవీ రెండు స్పీకర్లలోకి కుక్కడం వల్ల. మాటలన్నీ మధ్య స్పీకరుకని రాసి ఉంటాయి, ఆ స్పీకరే మన ఇంట్లో లేదు. రెండు దారుల ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి.

సబ్‌టైటిల్స్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అవి ఇంత గొడవ చేస్తాయని ఎవరూ అనుకోరు. డాలస్‌లో మా మేనకోడలికి తెలుగు వినడం వచ్చు, పాత సినిమాల తెలుగు మాత్రం సగమే అందుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కావాలంటుంది. డీవీడీల మీద ఉండే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. వాటిని చూపలేని యాప్‌కు పంపాలంటే దుబాసీ ఆ బొమ్మలను సినిమా బొమ్మ మీద అచ్చు గుద్ది, మొత్తాన్ని మళ్ళీ కుదించాలి. సినిమా ఆగుతుంటే ఒకసారి సబ్‌టైటిల్ తీసేసి చూడండి. చక్రం మాయమైతే దొంగ దొరికినట్టే. అక్షరాలుగా ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైలు పక్కన పెట్టుకుంటే దుబాసీకి పని ఉండదు.

తెలుగు సబ్‌టైటిల్ అయితే ఇంకో రెండు జబ్బులు. తెర మీద చదరపు గళ్ళు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేదని అర్థం. సర్వరే అచ్చు గుద్దుతుంటే సర్వర్‌లో నోటో శాన్స్ తెలుగు లాంటిది వేయాలి. గళ్ళు కాకుండా పిచ్చి గుర్తులు కనిపిస్తే ఫాంటుది తప్పు కాదు, ఫైలును యూటీఎఫ్-8గా దాచలేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు తెలుగు సరిగా కనిపిస్తే, మళ్ళీ ఆ పద్ధతిలో దాస్తే సరిపోతుంది. కొన్ని టీవీలు అక్షరాలు చూపిస్తాయి గానీ వత్తును కింద పెట్టకుండా పక్కన నిలబెడతాయి. అమ్మ అన్న మాటను అమ్‌మ అని విడగొట్టి చూపించే టీవీతో పోట్లాడే ఓపిక నాకు లేదు. అక్కడ దుబాసీనే లేపుతాను.

అక్షరాలు మాటకు ముందో వెనకో వస్తుంటే, ఆ తేడా మొదటి నుంచీ ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా గమనించండి. ఒకేలా ఉంటే యాప్‌లో అటూ ఇటూ జరిపితే చాలు. పెరుగుతుంటే లెక్క వేరే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన పాత టీవీల పాల్ పద్ధతి సెకనుకు 25. పాల్ డీవీడీ వేసేవాళ్ళు సినిమాను ఆ కాస్త వేగంగా నడిపేసేవారు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోయేది. మామూలు వేగానికి తయారైన సబ్‌టైటిల్ దానికి పెడితే క్లైమాక్సులో విలన్ చచ్చిన ఆరు నిమిషాలకు వాడి బెదిరింపు తెర మీద పడుతుంది. జరిపితే ప్రయోజనం లేదు. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి దానిలో కాలాన్నే కుదించాలి.

కరెంటు పోయి వచ్చాక లైబ్రరీ మొత్తం ఖాళీగా కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. సర్వర్ ముందు లేచింది, హార్డ్‌డిస్కు తరవాత లేచింది, లేదా విండోస్ దానికి ఇంకో డ్రైవ్ అక్షరం ఇచ్చింది. ఆ అక్షరాన్ని స్థిరం చేయండి; లినక్స్ అయితే డిస్కు శాశ్వత గుర్తింపుతో తగిలించండి. మొదటిసారి నొక్కితే తప్పు చూపించి, రెండోసారి నొక్కితే ఆడుతుంటే, డిస్కు నిద్రలోంచి లేచే లోపల టీవీ ఓపిక అయిపోతోందన్నమాట.

చివరగా డాలస్. అక్క "నాకసలు తెరుచుకోవడమే లేదురా" అంది. సర్వర్ 8096 అనే పోర్టు దగ్గర కూర్చుంటుంది. రౌటర్‌లో దాన్ని బయటికి తెరిస్తే చాలని చదివి తెరిచాను. ఫలితం లేదు. రౌటర్ పేజీలో బయటి చిరునామా చూస్తే 100తో మొదలైంది, రెండో సంఖ్య 64కీ 127కీ మధ్యలో ఉంది. ఇలా ఉంటే మీ చిరునామా మీ ఒక్కరిదీ కాదు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే కాబట్టి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు ఒక్కదాన్ని చాలా ఇళ్ళకు పంచుతారు. అపార్ట్‌మెంటు పేరు రాసి ఫ్లాట్ నంబరు రాయని ఉత్తరంలా, అక్క పంపిన పిలుపు గేటు దగ్గరే ఆగిపోయింది. నెలకు కొంత కడితే సొంత చిరునామా ఇస్తారు. నేను టెయిల్‌స్కేల్ అనే దానితో రెండిళ్ళ మధ్య సొంత సొరంగం వేశాను. పోర్టు తెరిచి లోకానికంతటికీ తలుపు బార్లా పెట్టడం కంటే ఇది మేలు కూడా. దారి పొడుగు వల్ల పెద్ద ఫైళ్ళు ఆగుతుంటే, అక్క యాప్‌లో వేగాన్ని సెకనుకు 4 మెగాబిట్లకు తగ్గించమన్నాను. అప్పుడు దుబాసీ లేస్తాడు. లేవనీయండి. వాడి ఉద్యోగం అసలు ఇదే.

మొన్న సంక్రాంతికి అక్క పెళ్ళి పెట్టాం. జెల్లీఫిన్‌లో సింక్‌ప్లే అని, రెండు చోట్ల ఒకేసారి ఆడించే ఏర్పాటు ఉంది. ఇక్కడ అమ్మ, అక్కడ అక్క, మధ్యలో ఫోను స్పీకరు మీద. చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. విడిది ఇంటి ముందు మా తాతయ్య కనిపించారు. చేత్తో ఎటో చూపిస్తూ ఎవరికో ఏదో గట్టిగా చెబుతున్నారు. మాట వినపడదు. వీడియో తీసినతను అక్కడ సినిమా పాట అతికించాడు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలన్నీ అంతే. అసలు శబ్దం ఆ సీడీలోకి ఎక్కనే లేదు. దాన్ని తెచ్చిపెట్టే సెట్టింగు ఏ డాష్‌బోర్డులోనూ ఉండదు.

"తాతయ్య ఏమంటున్నారమ్మా?" అంది అక్క డాలస్ నుంచి.

అమ్మ టీవీ మీంచి కళ్ళు తీయలేదు. "జనరేటరు కుర్రాడు భోంచేశాడా అని అడుగుతున్నారు మామయ్యగారు" అంది.